సరిహద్దు సేనాని మీద చాడీలు

చరిత్ర చదువుకున్న మనిషికి యుద్ధాలంటే సరదా ఉంటుందని అందరూ అనుకుంటారు. నాకు వాటిని తలుచుకుంటేనే అసహ్యం. ఎం.ఏ.లో నేను ప్రత్యేకంగా చదివింది ప్రాచీన చైనా ఉత్తర సరిహద్దు గురించి. అంటే హాన్ చక్రవర్తులకూ, గడ్డి మైదానాల్లో గుర్రాల మీద తిరిగే షియోంగ్ను తెగలకూ తరాల తరబడి జరిగిన కొట్లాట. ఆ పేపరు తీసుకోవడానికి గొప్ప కారణమేమీ లేదు. ఇంకో పేపరు చెప్పే మేష్టారు తుంపర్లు పడేట్టు మాట్లాడేవారు. ముందు బెంచీలో కొంగు అడ్డం పెట్టుకుని కూర్చోవాల్సి వచ్చేది. అది పడలేక చైనాకు పారిపోయాను.

పారిపోయి చూసిందేమిటి? గుర్రాలవాళ్ళ నాయకుడొకడు ఓడిపోయిన పొరుగు రాజు పుర్రెను గిన్నెగా చేయించుకుని అందులో తాగాడు. వాళ్ళను అనాగరికులని ఈసడించిన హాన్ ఆస్థానం తెగిన తలలు లెక్కపెట్టి సైనికులకు హోదాలు పంచింది. తెగిన తలకు మాట ఉండదు కదా, నేను విల్లు పట్టినవాణ్ణో గొర్రెలు కాసుకునేవాణ్ణో అని చెప్పుకోవడానికి. ఒక చక్రవర్తికి పడమటి దేశంలో జాతి గుర్రాలున్నాయని తెలిసింది. వాటికోసం సైన్యాన్ని ఎడారిలోకి తోలాడు. ఆకలికీ దాహానికీ పోయినవాళ్ళు పోగా మిగిలిన కొద్దిమంది ఈడ్చుకుంటూ వెనక్కి వస్తే, సరిహద్దు కోట తలుపులు వేయించి ఎవరినీ లోపలికి రానివ్వొద్దన్నాడు. గుర్రాలు లేకుండా వచ్చారని కోపం. మళ్ళీ సైన్యాన్ని పోగుచేసి పంపి, ఆ గుర్రాలు తెప్పించుకునేదాకా నిద్రపోలేదు. దీన్ని పుస్తకాల్లో వైభవం అని రాశారు. చదివినప్పుడల్లా చేతులు కడుక్కోవాలనిపించేది.

తెనాలిలో ఒక ప్రైవేటు కాలేజీలో కొన్నాళ్ళు పాఠాలు చెప్పాను. తర్వాత పెళ్ళయింది. మా ఆయన మెయిన్‌ఫ్రేమ్ ప్రోగ్రామరు. అవి వై టూ కే రోజులు. పాత ప్రోగ్రాముల్లో సంవత్సరాన్ని చివరి రెండంకెలతోనే రాశారనీ, రెండువేలు రాగానే కంప్యూటర్లు వందేళ్ళు వెనక్కి వెళ్ళిపోతాయనీ ప్రపంచంలోని బ్యాంకులన్నీ బెంబేలెత్తిపోయాయి. ఆ ప్రోగ్రాములు ఒక్కో వరుసా చదివి బాగుచేయడానికి మనవాళ్ళను విమానాల కొద్దీ దించుకున్నారు. అట్లా మేం సిడ్నీలో దిగి, టూంగాబీలో రైలు స్టేషనుకు దగ్గరగా ఒక యూనిట్, అంటే మనవైపు ఫ్లాటు, అద్దెకు తీసుకున్నాం. నా పాస్‌పోర్టులో డిపెండెంట్ అని ముద్ర పడింది. చైనా సరిహద్దు గురించి తెలిసిన మనిషి ఆ దేశంలో ఎవరికీ అక్కర్లేకపోయింది.

మా ఆయనను తెచ్చింది ఒక కన్సల్టెన్సీ. దాని యజమాని చాలా ముందే వచ్చి స్థిరపడిన మనాయనే. బ్లాక్‌టౌన్ దాటాక కొత్తగా వెలసిన కాలనీలో రెండంతస్తుల ఇల్లు. మా ఆయనలాగా వచ్చిన మగవాళ్ళంతా ఆయన స్పాన్సర్ చేసిన వీసాల మీద ఉన్నవాళ్ళే. ఆయన ఉండమంటే ఈ దేశంలో ఉంటాం, అక్కర్లేదంటే సామాన్లు సర్దుకోవాలి. చిన్నా పెద్దా ఆయన్ని అంకుల్ అనేవాళ్ళు. ఆయన నవ్వితే నవ్వేవాళ్ళు, ఆయన ఆవలిస్తే చిటికెలు వేసేవాళ్ళు. ప్రతి శనివారం మధ్యాహ్నం ఆ ఇంట్లో అందరం చేరాలి. చేరకపోతే ఎందుకు రాలేదని ఫోను వచ్చేది. ఆడవాళ్ళం తలా ఒక వంట పట్టుకెళ్ళేవాళ్ళం. మగవాళ్ళు హాల్లో సోఫాల్లో కూర్చుని అంకుల్ ఏది అంటే దానికి తందాన పాడేవాళ్ళు. నాకు ఉప్మాలోకి ఉల్లిపాయలు తరుగుతూ ఆ మాటలు వినడం కన్నా నరకం లేదు. అందుకే పిల్లలకు తెలుగు నేర్పుతానని గరాజులో మకాం పెట్టాను.

ఆ పిల్లలు మనం తెలుగులో అడిగితే ఇంగ్లీషులో జవాబు చెప్పేవాళ్ళు. అ ఆలు దిద్దమంటే అలుగుతారు. అప్పట్లో వాళ్ళందరికీ కంప్యూటర్లో ఏదో యుద్ధాల ఆట పిచ్చి ఉండేది. అందులో చైనావాళ్ళు గోడ కడతారట, గుర్రాలవాళ్ళు వచ్చి పగలగొడతారట. అది నిజంగా జరిగిందా అని ఒక పిల్లాడు అడిగాడు. ఆ రోజునుంచి తెలుగు క్లాసు కాస్తా హాన్, షియోంగ్ను క్లాసయింది. గోడంటే రాతి గోడ కాదు, చాలాచోట్ల మట్టీ రెల్లూ పొరలు పొరలుగా వేసి దిమ్మిసతో కొట్టిన కట్ట అని చెప్పాను. దాన్ని కాపలా కాసింది వీరులు కాదు, ఖైదీలూ ఇంటిమీద బెంగపెట్టుకున్న రైతులూ అని చెప్పాను. గుర్రాలవాళ్ళకు ఏటేటా పట్టు తానులూ ధాన్యమూ పంపి శాంతి కొనుక్కున్న రోజులు కూడా ఉన్నాయన్నాను.

“సో హూ ఆర్ ద గుడ్ గైస్, ఆంటీ?” అని ఒక పిల్ల అడిగింది.

ఎవరూ కారన్నాను. పిల్లలు బాగా నిరాశపడ్డారు.

అంకుల్ భార్యకు ఈ క్లాసు నచ్చలేదు. ఆ నరుక్కోవడాలు ఎందుకు, నాలుగు శ్లోకాలు నేర్పరాదా అనేది. అంకుల్‌కు మాత్రం భలే నచ్చింది. అప్పుడప్పుడూ టీ కప్పుతో వచ్చి గరాజు తలుపు దగ్గర నిలబడి వినేవాడు. కోట తలుపులు మూయించిన చక్రవర్తి కథ విని తెగ ముచ్చటపడిపోయాడు. రాజంటే అట్లా ఉండాలమ్మా, మెతగ్గా ఉంటే నెత్తికెక్కుతారు అన్నాడు. చచ్చినవాళ్ళ కథ చెబితే చంపినవాడి పక్షాన వినే చెవులు కొందరికి పుట్టుకతో వస్తాయి కాబోలు. నాకు ఒళ్ళు మండింది. కానీ ఆయన గరాజు, ఆయన వీసా. తర్వాతి పాఠం ఎత్తుకున్నాను.

ఆయనకూ ఒక ఉత్తర సరిహద్దు ఉండేది. సిడ్నీలోనే ఆబర్న్ అనే పేటలో ఇంకో కన్సల్టెన్సీ. హైదరాబాద్ నుంచి వచ్చిన ముస్లిం అన్నదమ్ములు నడిపేవాళ్ళు. అదే బ్యాంకుల దగ్గర అదే పనికి పోటీ. వాళ్ళ పేరెత్తకుండా, అవతలి గుంపు అనేవాడు అంకుల్. ఆ మాట అన్నప్పుడు హాల్లో అందరి మొహాలూ ఒకే రకంగా వంకర తిరిగేవి. ఆ మొహాలవాళ్ళే శుక్రవారం సాయంత్రం ఆబర్న్ వెళ్ళి మాంసం కొనుక్కొచ్చేవాళ్ళు, అక్కడి బిర్యానీ గురించి వారమంతా చెప్పుకునేవాళ్ళు. వాళ్ళ దగ్గర ఉద్యోగం అనేసరికి మాత్రం ముక్కులు మూసుకునేవాళ్ళు.

మా గుంపులో మనుషులను పేర్లతో పిలిచే అలవాటు లేదు. ఆఫీసులో తెల్లవాళ్ళు ఇంటిపేర్లు పట్టుకుని నానా అవస్థ పడుతుంటే, మాకు ఊరి పేరే పేరు. ఒంగోలాయన, భీమవరం వాళ్ళు, కడపాయన. మా ఆయన తెనాలాయన. నెల్లూరాయనలు మాత్రం ఇద్దరుండేవాళ్ళు. ఒకరు మా యూనిట్‌కు సరిగ్గా పై అంతస్తులో భార్యతో, కూతురితో ఉండేవారు. మేం మొదటిసారి దిగినప్పుడు ఎయిర్‌పోర్టుకు వచ్చి మమ్మల్ని ఇంటికి తీసుకెళ్ళి అన్నం పెట్టింది వాళ్ళే. రెండో అతను పెళ్ళికాని కుర్రవాడు. ఆ మధ్యనే వచ్చి బ్లాక్‌టౌన్‌లో స్నేహితులతో ఉండేవాడు. శనివారాలు కూడా సరిగా వచ్చేవాడు కాదు.

రెండువేల సంవత్సరం వచ్చింది. కంప్యూటర్లు ఎటూ పోలేదు. బ్యాంకులు ఊపిరి పీల్చుకుని, ఇక మీరు దయచేయొచ్చు అనడం మొదలుపెట్టాయి. అప్పటిదాకా బుట్టలు బుట్టలుగా తెచ్చుకున్న మనుషులను అరటి తొక్కల్లా చూశారు. పై అంతస్తు నెల్లూరాయనా మా ఆయనా ఒకే బ్యాంకులో, ఒకే అంతస్తులో పనిచేసేవాళ్ళు. ఆ బ్యాంకు తమ పాత సిస్టం చూసుకోవడానికి ఒక్క లీడ్‌ను, అంటే పని నడిపించే మనిషిని, మాత్రం ఉంచుకుంటానంది. ఆ ఉద్యోగం పెద్దవాడు కాబట్టి నెల్లూరాయనకే వస్తుందని అందరూ అనుకున్నారు. మా ఆయనను అంకుల్ ఇంకెక్కడో చూస్తానన్నాడు. ఆ రోజుల్లో మా ఇంట్లో మాటలు తగ్గాయి.

అక్కడ చలికాలం జూన్‌లో వస్తుంది, దాని మొదట్లో ఒక శనివారం హాల్లో కొత్త కబురు పొక్కింది. మన గుంపులోని మనిషే అవతలి గుంపు దగ్గరికి వెళ్ళి, మన బ్యాంకు సిస్టం మీద వాళ్ళ కుర్రాళ్ళకు ట్రైనింగ్ ఇస్తున్నాడట. కాంట్రాక్టు తన్నుకుపోవడానికి. ఎవరు అంటే నెల్లూరాయన అట. వంటింట్లోకి ఆ మాట వచ్చేసరికి ఆయన ఏ నెల్లూరాయనో అనే సందేహమే ఎవరికీ లేదు. ఆ రోజు పై అంతస్తువాళ్ళు రాలేదు, వాళ్ళ పాపకు జ్వరం. అది కూడా రుజువే అయింది. నెల ముందు ఆ మనిషి తన ప్రోగ్రాములు సరిచేసి పెట్టాడని పొగిడిన ఒంగోలాయన, ఆ మనిషి కళ్ళల్లోకి చూసి మాట్లాడడని మొదటినుంచీ తనకు అనుమానమేనన్నాడు. వాళ్ళింట్లో పురుడు పోయించుకున్నంత చాకిరీ చేయించుకున్న భీమవరం ఆవిడ, నెల్లూరావిడ చూపులే వేరు అంది. నా చేతిలో గరిటె ఉంది. దానితో ఒక్కటి వేయాలనిపించింది.

తర్వాతి వారం గరాజులో పిల్లలకు సేనాని కథ చెప్పాల్సి వచ్చింది. వరసలో అదే ఉంది మరి, నేను వెతికి తెచ్చింది కాదు. ఒక హాన్ సేనాని కేవలం కాల్బలం తీసుకుని షియోంగ్ను మైదానాల్లోకి లోతుగా వెళ్ళాడు. గుర్రాలు లేవు. శత్రువుల రౌతులు ఎన్నో రెట్లు. బళ్ళను అడ్డంగా పేర్చి వాటి వెనకనుంచి బాణాలు వేస్తూ, రోజుల తరబడి వెనక్కి నడిచాడు. అతను గెలుస్తున్నాడని కబురు వచ్చినన్నాళ్ళూ ఆస్థానంలో చక్రవర్తికి జేజేలు పలికి మద్యం గ్లాసులెత్తారు. చివరికి బాణాలు అయిపోయాయి, సాయం రాలేదు. సరిహద్దు ఒకటి రెండు రోజుల నడక దూరంలో ఉండగా లొంగిపోయాడు. ఆ కబురు చేరగానే గ్లాసులెత్తినవాళ్ళే అతనిలో లేని తప్పులు తవ్వడం మొదలుపెట్టారు. అతని పక్షాన సభలో లేచి మాట్లాడింది ఒక్కడు, ఆస్థాన చరిత్రకారుడు. ఆయనకు వేసిన శిక్ష పిల్లలకు చెప్పేది కాదు. బతికుండగా మగవాడు కాకుండా చేశారు.

ఇంకో సంగతి కూడా వాళ్ళకు చెప్పలేదు. ఆ దండయాత్ర మధ్యలో సైనికులకు ఉత్సాహం తగ్గిందని సేనానికి అనుమానం వచ్చింది. బళ్ళు వెతికించాడు. సరిహద్దుకు తరిమేసిన కుటుంబాల ఆడవాళ్ళు కొందరు సైనికులకు భార్యలై, వాళ్ళ వెంట బళ్ళల్లో దాక్కుని వచ్చారు. అందరినీ నరికించాడు. మర్నాడు సైన్యం బాగా పోరాడిందని చరిత్రలో మెచ్చుకోలుగా రాశారు. మొదటిసారి ఆ వాక్యం చదివి పుస్తకం విసిరికొట్టాను. మగవాళ్ళ యుద్ధాల వెనక సామాన్ల మధ్య ప్రయాణం చేసిన ఆ ఆడవాళ్ళు, డిపెండెంట్ ముద్ర పడ్డాక నాకు మరీ దగ్గరివాళ్ళయ్యారు. అందుకే ఆ సేనాని మీద జాలిపడటం కూడా నాకు పూర్తిగా చేతకాదు.

పిల్లలకు చెప్పింది తర్వాతి భాగం. సేనాని శత్రువుల దగ్గర చేరి వాళ్ళ సైన్యానికి మన యుద్ధతంత్రం నేర్పుతున్నాడని చక్రవర్తికి ఎవరో చెప్పారు. చక్రవర్తి వెంటనే ఆ సేనాని తల్లినీ భార్యనూ పిల్లలనూ చంపించాడు. తీరా చూస్తే అక్కడ నేర్పుతున్నది అతను కాదు. అదే ఇంటిపేరున్న ఇంకో బందీ.

పై అంతస్తు పాప, ఆ క్లాసులో తెలుగులో జవాబు చెప్పే ఒకే ఒక్క పిల్ల, చెయ్యెత్తింది.

“మరి ఆయనేనా అని ఎవరూ చూసుకోలేదా ఆంటీ?”

లేదమ్మా అన్నాను. నా నోట ఆ మాట రాగానే హాలు వైపు చూశాను. హాల్లోంచి నవ్వులు వినిపిస్తున్నాయి. ఆ పిల్ల తండ్రి కూడా ఆ రోజు అక్కడే ఉన్నాడు. ఒక మూల కుర్చీలో, చుట్టూ ఖాళీ వదిలి కూర్చోబెట్టారని తర్వాత తెలిసింది.

కొద్దిరోజులకే అంకుల్ ఆయన్ని ఉద్యోగంలోంచి తీసేసి, స్పాన్సర్‌షిప్ రద్దు చేశాడు. కారణం చెప్పలేదు. పని లేదు కాబట్టి అన్నాడు. ఇంకొకరు స్పాన్సర్ చేయకపోతే కొన్ని వారాల్లో ఆ కుటుంబం దేశం వదిలిపోవాలి. పాప అక్కడ స్కూల్లో కుదురుకుంది, తల్లికి మళ్ళీ నెల తప్పింది. ఉన్నదంతా పెట్టి వచ్చినవాళ్ళు. వెనక్కి పోతే పట్టుకోవడానికి అక్కడ ఉద్యోగం కూడా లేదు, ఎందుకంటే వై టూ కే అక్కడా అయిపోయింది. బ్యాంకులో లీడ్ పని మా ఆయనకు వచ్చింది. ఆ సాయంత్రం ఆయన స్వీట్లు తెచ్చారు. నేను డబ్బా మూత కూడా తీయలేదు.

ఆ తర్వాత వరలక్ష్మీవ్రతం వచ్చింది. టూంగాబీలో పేరంటం పిలుపులంటే కార్లో నలుగురు ఆడవాళ్ళు కుంకుమ భరిణె పట్టుకుని ఇల్లిల్లూ తిరగడం. మా బిల్డింగుకు అంకుల్ భార్యా, భీమవరం ఆవిడా, ఇంకో ఇద్దరూ వచ్చారు. నాకు బొట్టు పెట్టి, తప్పకుండా రావాలన్నారు. తర్వాత గొంతులు తగ్గించి, పైన ఉన్నారా అని అడిగి, మెట్ల వైపు చూసి, కారు దగ్గరికి నడిచారు. పైన కిటికీ తీసే ఉంది. కారు తలుపుల చప్పుడు ఆవిడకు వినపడకుండా ఉండదు. కడుపుతో ఉన్న మనిషి. పండగపూట బొట్టు లేదంటే మన ఆడవాళ్ళకు అర్థం ఏమిటో వాళ్ళ నలుగురికీ తెలుసు. తెలిసే చేశారు.

నా నోరు ఊరుకోలేదు. “నా దాకా వచ్చిన చెయ్యి పన్నెండు మెట్లు ఎక్కలేకపోయిందా పిన్నిగారూ?” అన్నాను. అంకుల్ భార్య విననట్టు సీటు బెల్టు పెట్టుకుంది. నేను లోపలికి వచ్చి నుదుటిమీద ఆ బొట్టు సబ్బుతో కడిగేశాను. మొగుడు బతికుండగా అట్లా చేయకూడదంటారు. ఆ క్షణాన అవేం గుర్తు రాలేదు, వట్టి రోత.

మర్నాడు నెల్లూరావిడ కిందికి దిగి వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

“అక్కా, మా ఆయన యాడికీ పోలేదక్కా. ఆఫీసు, ఇల్లు, అంతే. ఒకే రైల్లో పోయేవాళ్ళు, ఒకే రైల్లో వచ్చేవాళ్ళు అన్నతో. ఆయనకు తెలీదా? అంకుల్‌కు ఒక్క మాట చెప్పమనక్కా, చాలు.”

అన్న అంటే మా ఆయన. చెప్పిస్తానని మాట ఇచ్చాను. అది నిజం కూడా, రోజూ పొద్దున ఇద్దరూ టూంగాబీ స్టేషనులో ఒకే పెట్టె ఎక్కేవాళ్ళు. సాయంత్రం ఆయన బూట్లు విప్పుతుండగానే అడిగాను. మనకెందుకు చెప్పు, ఇప్పుడిప్పుడే నిలదొక్కుకున్నాం, అంకుల్ వినే రకం కాదు అన్నారు. ఒక్క మాట అనడానికి ఏం పోయిందన్నాను. నీళ్ళు నములుతూ టీవీ పెట్టారు. ఆ మనిషి పిరికివాడని అప్పుడు అనుకున్నాను. పిరికితనం మీద నాకు కోపం వస్తుంది కానీ, దాన్ని క్షమించే తోవలు కూడా తెలుసు.

శనివారం నేనే వెళ్ళి అంకుల్‌ను అడిగాను. అందరి ముందూ, హాల్లో. మా రెండు కుటుంబాలూ ఒకే మెట్ల మీద తిరుగుతాయి, ఆయన ఆబర్న్ వెళ్తే నాకు తెలియకుండా ఉండదు, మీరు ఒక్కసారి కనుక్కోండి అన్నాను. హాలంతా టీ కప్పుల్లోకి చూసింది. మా ఆయన సోఫా చివర కూర్చుని బొటనవేలి గోరు కొరుకుతున్నారు. అంకుల్ చాలా మర్యాదగా, నీకు తెలీదమ్మా, నమ్మకమైన మనిషే చెప్పాడు అన్నాడు. ఆ రోజుతో నా గరాజు క్లాసు కూడా అయిపోయింది. వచ్చే వారంనుంచి శ్లోకాలట.

చివరికి ఆ కుటుంబానికి స్పాన్సర్ చేస్తామన్నది ఒక్క కంపెనీయే, ఆబర్న్ అన్నదమ్ములది. వాళ్ళకు పెర్త్‌లో ఒక కొత్త పని వచ్చింది, మనిషి కావాలి. ఇంటర్వ్యూలో ఆ అన్నదమ్ముల్లో పెద్దాయన ఇంటి సంగతి విని, ముందు పాప స్కూలు చూసుకోండి, పని తర్వాత మాట్లాడదాం అన్నాడట. నెల్లూరాయన గిన్నెలు కాగితాల్లో చుడుతూ ఆ సంగతి చెప్పారు. నేను అట్టపెట్టెలకు టేపు వేస్తున్నాను. సాయానికి ఆ ఇంటికి వెళ్ళింది నేనొక్కదాన్నే.

“వాళ్ళకు నేర్పినానని గదమ్మా నన్ను తీసేసింది. ఇప్పుడు పోయి నిజంగానే నేర్పబోతున్నా,” అన్నారు ఆయన. నవ్వడానికి ప్రయత్నించారు.

ఆ సేనాని కూడా అంతే. ఇంటివాళ్ళందరినీ పోగొట్టుకున్నాక శత్రు నాయకుడి కూతుర్ని పెళ్ళి చేసుకుని అక్కడే ఉండిపోయాడు. ఏళ్ళ తర్వాత, చక్రవర్తి చనిపోయాక, ఆస్థానం దూతలను పంపింది, వచ్చెయ్యమని. అతను వెళ్ళలేదు. చైనా పుస్తకాలు అతన్ని ద్రోహి అనాలో వద్దో ఈనాటికీ తేల్చుకోలేక కొట్టుకుంటున్నాయి. నెల్లూరాయన వాళ్ళు పెర్త్ శివారు కానింగ్ వేల్‌లో ఇల్లు తీసుకున్నారని ఫోను చేసిన రోజు, మా గుంపులో అందరూ చెప్పాం కదా, చెప్పాం కదా అని ఒకరినొకరు అభినందించుకున్నారు. తమ నోటితో తరిమి, ఆయన వెళ్ళిన దిక్కునే సాక్ష్యంగా చూపించుకున్నారు. అంత హాయిగా నవ్విన మొహాలను నేను అంతకుముందు చూడలేదు.

సెప్టెంబరులో అక్కడి వసంతం రాగానే రెండో నెల్లూరాయన, ఆ కుర్రవాడు, రాజీనామా ఇచ్చాడు. దాపరికం లేని మనిషి. ఆర్నెల్లుగా సాయంత్రాలు ఆబర్న్‌లో ట్రైనింగ్ ఇస్తున్నాననీ, అక్కడే చేరిపోతున్నాననీ అంకుల్ మొహం మీదే చెప్పి వెళ్ళాడు. తన వల్ల ఇంకొకరి ఇల్లు లేచిపోయిందని అతనికి తెలియదు. శనివారాలకు రాడు కదా, ఎవరు చెబుతారు?

ఆ వారం నేను పట్టుబట్టి అంకుల్ ఇంటికి వెళ్ళాను. కనీసం పెర్త్‌కు ఫోన్ చేసి తప్పయిపోయిందని చెప్పండి అన్నాను. అంకుల్ చెట్లకు నీళ్ళు పెడుతున్నాడు. పైపు కట్టేయకుండానే, ఇప్పుడు చెప్పి ఏం లాభమమ్మా, ఎలాగూ అటే పోయాడుగా అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, కొంచెం ఆశ్చర్యంగా అన్నాడు.

“అయినా నన్నంటావేంటి? ఆ సంగతి నాకు చెప్పింది మీ ఆయనే కదా.”

ఇంటికి వచ్చి వంకాయలు తరుగుతూ కూర్చున్నాను. మా ఆయన వచ్చి, స్నానం చేసి, భోజనానికి కూర్చున్నారు. వంకాయ కూర వడ్డించాను. అడిగాను. ఆయన కాదనలేదు. అన్నం కలుపుతూనే చెప్పారు. కుర్రవాడు ఆబర్న్ వెళ్తున్నట్టు రైల్లో తెలిసింది, అంకుల్‌కు చెప్పకపోతే రేపు మన మీదికి వస్తుందని చెప్పాను అన్నారు. మరి పైవాళ్ళను తీసేసినప్పుడు చెప్పలేదేమన్నాను.

“నేను నెల్లూరాయన అన్నాను. ఏ నెల్లూరాయన అని ఆయన అడగలేదు.”

అని, లీడ్ పని ఒకటే ఉంది కదా అన్నారు, అదేదో నాకు తెలియని సంగతి అన్నట్టు. రోజూ ఆ మనిషి పక్కన కూర్చుని రైల్లో వెళ్ళారు. చివరి రోజు దాకా. పైవాళ్ళ పెట్టెలు కారులోకి ఎక్కుతుంటే కిటికీలోంచి చూస్తూ పాపం అన్నారు కూడా. నేను ఆ మొహం వైపు చూశాను. ఏ పుస్తకంలోనూ ఏ చక్రవర్తి మీదా నాకు అంత అసహ్యం కలగలేదు.

ఆయన పెరుగు కోసం కంచం ముందుకు జరిపారు. నేను గిన్నె బల్లమీద పెట్టి లేచాను. ఆ రోజునుంచి ఆ ఇంట్లో ఆయన అన్నం ఆయనే పెట్టుకున్నారు. ఇరవై ఏళ్ళు దాటింది. ఎందుకని ఆయన ఒక్కసారి కూడా అడగలేదు.